ముందు వాటం, తర్వాతే పెయింటు

నాన్నా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బెజవాడ సత్యనారాయణపురంలో పాత డాబా ఇల్లు కొన్నారంటే చాలా సంతోషం. హాలు కప్పు మీద పసుపు మరకలు, వంటింట్లో ఊడిన పెచ్చులు చూసి కోడలు టెన్షన్ పడుతోందని మీ అమ్మ చెప్పింది. అంత కంగారు అక్కర్లేదు. కాకపోతే ఏ కంపెనీ పెయింటు మంచిదని అడిగావు చూడు, అది ఆఖర్న అడగాల్సిన మాట. ముందు డాబా మీద నీళ్ళు నిలవకుండా చూసుకో. నీళ్ళు నిలిచే చోట ఎంత ఖరీదైన పూత పూసినా కొన్నాళ్ళకి పొరలు పొరలుగా లేచిపోతుంది.

సంక్రాంతి వెళ్ళింది కాబట్టి సిమెంటు పనికి ఇదే అదను. రోహిణి కార్తె దాకా ఆగితే బెజవాడ ఎండకి తడి నిలవక కొత్త పూతే నెర్రెలిస్తుంది. తొలకరి పడ్డాక స్లాబు ఆరదు, మేస్త్రీలూ దొరకరు. అయినా మన వైపు అసలు పరీక్ష జూన్ వానలు కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుఫాన్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అలాంటప్పుడు వాన పైనుంచి పడదు, గాలికి అడ్డంగా వచ్చి పిట్టగోడను కొడుతుంది. మామూలు వానకి చుక్క కారని ఇళ్ళు కూడా అప్పుడు కారతాయి.

ఈ ఆదివారం డాబా శుభ్రంగా ఊడిపించి, పైపుతో అంతా తడిపి గంట ఆగి చూడు. నీళ్ళు ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీసిపెట్టుకో, మేస్త్రి వచ్చినప్పుడు అదే చూపించాలి. తర్వాత తూము దగ్గర వంగి చూడు. చుట్టూ నల్లటి పాచి, లోపల వేపాకులు, దారపు ఉండలు, పాత అద్దెవాళ్ళ పిల్లల బంతో ఏదో ఉంటుంది. పాత ఇళ్ళలో ఇంకో తంటా ఉంది: పైన పొర మీద పొర పోయడంతో తూము మూతి సగం పూడిపోతుంది. దాన్ని కోయించి, వాటం, అంటే నీళ్ళు జారే వాలు, అంతా తూము వైపుకే వచ్చేలా చేయించు. జాలీ మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్నది పెట్టించు. చదునుగా ఉంటే నాలుగు ఆకులు అడ్డంపడినా మూసుకుపోతుంది.

పిట్టగోడ, స్లాబు కలిసేచోట వెంట్రుకంత గీత కనిపిస్తే తేలిగ్గా తీసుకోకు. నీళ్ళు అక్కడ దూరి ఎక్కడో హాలు మధ్యలో మరకగా తేలతాయి. ఆ గీత వెంట కోయించి, దుమ్ము దులిపించి, తడిపి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో మూలను గుండ్రంగా పూయించు. సిమెంటు పాలు రాసేస్తే చాలంటే ఒప్పుకోవద్దు. అన్నట్టు, ఫొటోలో పిట్టగోడ పగుల్లో రావి మొక్క ఉంది. పైకి పీకితే వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. రావిని తియ్యకూడదని మీ అత్తగారు అంటే, వేరుతో సహా తీయించి ఏ గుడి దగ్గరో నాటించు, ఇద్దరికీ శాంతి.

వంటింటి పెచ్చుల సంగతి వేరు. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే సిమెంటును బయటికి తోసేస్తుంది. తుప్పు పైపైనే ఉంటే బ్రష్షుతో గీకి, తుప్పు మందు పూసి, మళ్ళీ పూత పెట్టొచ్చు. చువ్వ సన్నబడినా, దూలం వెంట పగులు కనిపించినా అది మేస్త్రి చూసే పని కాదు, ఇంజనీరును పిలువు. ఈలోపు ఎవరైనా "పైన రెండంగుళాల కాంక్రీటు పోసేద్దాం సార్" అంటే తల ఊపెయ్యకు. అది చదరపు మీటరుకి దాదాపు 120 కిలోల బరువు. పాత పొరను కర్రతో తట్టి చూడు, డొల్లగా మోగినంత మేర తీయించి తర్వాతే కొత్తది వేయించు.

పని అయ్యాక వారం రోజులు గోనె సంచులు పరిచి తడుపుతూనే ఉండాలి. ఆపైన తూముకు గుడ్డ కుక్కి, అంగుళం రెండంగుళాల నీళ్ళు పట్టి ఒక రోజంతా ఉంచి కింద కప్పు చూసుకో. అంతా ఆరాక అప్పుడు వేయించు నీ తెల్ల పెయింటు, వేసవికి ఇల్లు కాస్త చల్లబడుతుంది. చవగ్గా కావాలంటే సున్నం ఉంది గానీ ఏటా వెయ్యాలి. మిరపకాయలు మాత్రం పట్టా పరిచి ఆరబోసుకోమను, ఆ మరక ఒక పట్టాన పోదు.

తుఫాను కబురు రాగానే వాటర్ ట్యాంకు నింపేయి, ఖాళీది గాలికి లేచిపోతుంది. మెట్ల గది మీద రేకుల బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూసుకో. ఆ మెట్ల మీద పాత సామాన్లు పేర్చొద్దు, వరదొస్తే పైకెక్కే దారి అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగితే సింగ్‌నగర్ వైపు ఎంతమంది డాబాల మీద గడిపారో చూశాం కదా.

రేటు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకో, పిట్టగోడ మూలలు విడిగా రాయించు. ఆఖరి విడత డబ్బు నీళ్ళు పట్టి చూశాకే ఇవ్వు. అక్కడ ఎవరూ కుదరకపోతే ఫోన్ చెయ్యి, మా కొరిటెపాడులో పనిచేసే మేస్త్రి బెజవాడ కూడా వస్తాడు. చార్జీలు మాత్రం నువ్వే ఇచ్చుకోవాలి.

మీ పెద్దమ్మ