రాజ్యాంగంలో సోషలిజం ఉంది కదా, విశాఖ ఉక్కు అమ్మకాన్ని అది ఆపలేదా?

ప్రవేశికలో 'సామ్యవాద' అన్న మాట ఉండగా స్టీల్ ప్లాంటును ప్రైవేటుకు ఇస్తామనడం రాజ్యాంగ విరుద్ధం కాదా అని అడిగారు. కాదండీ. ఆ ఒక్క మాటను నమ్ముకుని కోర్టుకెళితే కేసు నిలబడదు. నేను ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. యూనియన్ క్లాసుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ సంగతులు చెప్పేవాణ్ణి కాబట్టి కొంత రాస్తాను.

ఆ మాట ప్రవేశికలోకి వచ్చింది ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణతో. ఆలోచన మాత్రం అంతకంటే చాలా పాతది. కీలక పరిశ్రమలు, ఖనిజాలు, రైల్వేలు ప్రభుత్వ అధీనంలో ఉండాలని 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోనే ఉంది. అదే ధోరణి రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల్లోకి, అంటే ప్రభుత్వాలు విధానాల్లో పాటించాలని చెప్పే మార్గదర్శకాల్లోకి వచ్చింది. వనరులు అందరి మేలుకూ ఉపయోగపడాలని 39(బి) అధికరణ, సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడకూడదని 39(సి) చెబుతాయి.

అసలు కథ 1948 నవంబర్ 15న రాజ్యాంగ సభలో నడిచింది. 'సెక్యులర్, ఫెడరల్, సోషలిస్ట్' అని మొదట్లోనే రాయాలని సభ్యుడు కె.టి.షా సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. సమాజాన్ని ఏ పద్ధతిలో నడుపుకోవాలో ఆయా కాలాల జనం తేల్చుకోవాలి, దాన్ని రాజ్యాంగంలోనే బిగించేస్తే ప్రజాస్వామ్యాన్ని నాశనం చేసినట్టే అన్నారు. పైగా ఆదేశిక సూత్రాల్లో సోషలిజం ఇప్పటికే ఉంది కదా అని కూడా గుర్తుచేశారు. చిత్రమేమిటంటే, అంతకు ఏడాది ముందు 1947లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాసిన మెమోరాండంలో ఆయనే కీలక పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలని, పార్లమెంటు మెజారిటీ మారినా అది చెక్కుచెదరకుండా రాజ్యాంగంలోనే రాయాలని కోరారు. ఆ మెమోరాండమే నెగ్గి ఉంటే మీ ప్రశ్నకు నా జవాబు వేరుగా ఉండేది.

2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ అమ్మకానికి పచ్చజెండా ఊపాక కూర్మన్నపాలెం దగ్గర రిలే దీక్షలు మొదలయ్యాయి. ఓ రోజు శిబిరంలో ఒక కాంట్రాక్టు కుర్రాడు జెరాక్స్ కాగితం తెచ్చి చూపించాడు. 39(బి) కింద ఎర్ర పెన్నుతో గీత. "బాబాయ్, ఇంత స్పష్టంగా రాసుంటే మనమింకా టెంటు కింద కూర్చోవడమేంటి?" అన్నాడు. ఆ కాగితం 38వ అధికరణ నుంచి మొదలైంది. ఎవరు తీశారో గానీ అసలైన 37ను వదిలేశారు! ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించుకోలేమని చెప్పేది ఆ 37వ అధికరణే. ప్రభుత్వం ఒక పరిశ్రమను జాతీయం చేస్తూ చట్టం తెస్తే 39(బి) దానికి అండగా నిలుస్తుంది. అమ్ముతానంటే మాత్రం అడ్డుపడదు. ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో అమ్మకం కేసులో 2001లో సుప్రీంకోర్టు పెట్టుబడుల ఉపసంహరణ ప్రభుత్వ విధానమని తేల్చేసింది. 2024 నవంబర్‌లో ప్రవేశికలోంచి ఆ మాట తీసేయాలన్న పిటిషన్లను కొట్టేస్తూ కూడా, ఎన్నికైన ప్రభుత్వాల ఆర్థిక విధానాలకు అది సంకెళ్లు వేయదనే చెప్పింది.

మరి అడ్డుపడేది ఏది? మామూలు చట్టం. మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. మల్కాపురం వైపున్న రిఫైనరీ ఒకప్పుడు కాల్టెక్స్‌ది. పార్లమెంటు చట్టంతో ప్రభుత్వపరమై, ప్రభుత్వ చమురు సంస్థ హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. 2003లో హెచ్‌పీసీఎల్ వాటా అమ్మబోతే, చట్టంతో తీసుకున్నదాన్ని పార్లమెంటులో ఆ చట్టం మార్చకుండా అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఆపింది. స్టీల్ ప్లాంటును నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్ కంపెనీల చట్టం కింద పెట్టిన కంపెనీ. దానికి ఆ రక్షణ లేదు.

రెండో ఉదాహరణ ఏజెన్సీది. బొర్రా పరిసరాల్లో మైనింగ్ లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. ఆ తీర్పును సోషలిజం గెలుపుగా చెప్పేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. దానికి అసలు బలం గిరిజన ప్రాంతాలకు రాజ్యాంగం ఇచ్చిన ఐదో షెడ్యూలు, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం. ప్లాంటు ఉన్న గాజువాక వైపుకు అవి వర్తించవు.