మంచు రోడ్డు మీద కారు తోలబోయే మా అల్లుడికి

తిరుపతి

ఒరే అల్లుడా,

నువ్వు కారు కొన్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఘాట్‌లో కిటికీ పక్కన కూచోబెడితే నా చొక్కా పట్టుకొని ఏడ్చినోడివి, ఇప్పుడు కెనడాలో, ఆ ఎడ్మంటన్‌లో మైనస్ ఇరవైలో డ్యూటీకి నువ్వే తోలుకొని పోతావంట. సంతోషమే. రాత్రి నిద్ర మాత్రం పట్టలా.

మంచు టైర్లు వేయించుకో, మామూలు రబ్బరు 7 డిగ్రీల కిందికి పోతే గట్టిపడతాది. ముందు బండికి బాగా దూరం వదులు. ఇవి ఆడ ఎవురైనా చెప్తారు. నా భయమంతా బ్రేకు గురించి.

1989లో, నేను కొండ బస్సు ఎక్కిన కొత్త. ఎండలు మండిపోయినాక మొదటి వాన. పాత ఘాట్‌లో దిగతా ఉండా, 1944లో వేసిన రోడ్డది. పది నిమిషాల చినుకులకేముందిలే అని మూడో గేర్‌లోనే వచ్చేసినా. మలుపులో అడ్డంగా ఒక కోతిపిల్ల. టక్కున బ్రేకు మీద నిలబడినా. చక్రాలు ఆగినాయి, బస్సు ఆగలా! స్టీరింగు ఎంత తిప్పినా బస్సుకు పట్టలా. వెనక భాగం పక్కకు జరిగి పిట్టగోడకు ఆనుకొని నిలిచింది. లోపలంతా గోవిందా గోవిందా. ఒక గుండు పిల్లోడి చేతిలో లడ్డు దొర్లి నా సీటు కిందికొచ్చింది.

దిగి రోడ్డును వేలితో తుడిచినా. నల్లగా, ఆముదం మాదిరి జిడ్డు. నెలల తరబడి కారిన ఆయిలు, డీజిలు, దుమ్ము, అన్నీ ఆ కాసిన్ని నీళ్ళలో పైకి తేలినాయి. గంటసేపు దంచి కొట్టుంటే అంతా కొట్టుకపోయుండేది. ఒక ముసలామె "నీళ్ళు తాగు నాయనా" అనింది. తిట్టుంటే బాగుండు. మీ అత్తకు ఇప్పటికీ చెప్పలా, నువ్వు నోరు జారొద్దు.

నిన్న ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తీసినా. తీయంగానే తడి వేలికి అతుక్కుంది. కాసేపటికి పైన మెరుపొచ్చి చేతిలో నిలవలా. గడ్డకట్టిన ఐసు పైన కూడా పల్చటి నీటి పొర ఉంటాదని ఫారడే అనే శాస్త్రవేత్త 1850లోనే చెప్పినాడంట, మా పాప చదివి చెప్పింది. చలి తగ్గేకొద్దీ ఆ పొర మందమవతాదంట. అందుకే నాకు మైనస్ ఇరవై కన్నా సున్నా దగ్గరి రోజంటేనే గుబులు. రోడ్డుకు ఉప్పు చల్లినారని ధీమా పడొద్దు, మైనస్ పది దాటితే దాని పని అంతంత మాత్రమే. వంతెనలకు కింద నుంచీ చలిగాలి తగలతాది, అవే ముందు గడ్డకడతాయి.

వేగం మలుపుకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే తగ్గించు. మలుపులో జారితే పెడలు మీంచి కాలు తీసెయ్, పోవాల్సిన దిక్కు చూస్తా స్టీరింగు మెల్లగా తిప్పు. ఏబీఎస్ ఉంది మామా అంటావు. అది చక్రం బిగుసుకోకుండా చూస్తాది, లేని పట్టు యాడ తెస్తాది? తిన్నగా పోతా గట్టిగా తొక్కాల్సొస్తే పెడలు గడగడమంటాది, దడుచుకొని కాలు తీయొద్దు.

మీ అమ్మకు ఫోన్లో ఆ రోడ్లు చూపించొద్దు, నాకు చూపించు. కారు ఫొటో పంపినావు గానీ టైర్లు కనపళ్ళా. దగ్గర్నుంచి తీసి పంపు, గాట్లు కనపడాల.

మీ మామ