గబ్బిలం మనుషులు చీకట్లో ఎలా చదువుతారు?

మార్కాపురం వైపు కొండగుహల్లో బతికే గబ్బిలం మనుషుల కథ రాస్తున్నాను, వాళ్ల రాత ఎలా ఉండాలి అని అడిగారు. ముందు ఏ గబ్బిలమో తేల్చుకోండి. చింతచెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు కళ్లతో, వాసనతోనే దారి వెతుక్కుంటాయి. కూత పెట్టి ప్రతిధ్వని వినేవి పురుగులు తినే చిన్నవి. మీ కథలో వాళ్లు రెండో రకమైతే సిరా దండగ. ప్రతిధ్వనికి రాసిన కాగితమైనా తెల్ల కాగితమైనా ఒకటే. పలక మీద లోతుగా గీరితేనే ఆ గాడి చెవికి అందుతుంది. పలకలకు మార్కాపురంలో కొదవా! కానీ గీరేదెలా? రెక్కంటే చెయ్యే కదా, నాలుగు వేళ్లూ పొరలో ఇరుక్కుపోతాయి, బొటనవేలి గోరొక్కటే బయట మిగులుతుంది. నేనైతే ఆ గోటినే గంటం చేస్తా. అన్నట్టు, ప్రతిధ్వని కోసం పెట్టే ఆ కీచుమనే సన్నని కూత గాలిలో ఎక్కువ దూరం పోదు. లోయ అవతలి వాళ్లను పిలవాలంటే మామూలు కేకే పెట్టించండి.