తిరుమలలో ఆడవాళ్లు మల్లెలు ఎందుకు పెట్టుకోరు? ఇంట్లో గుండుమల్లె మార్చికల్లా పూయాలంటే ఏం చేయాలి?

కొండ మీద ప్రతి పువ్వూ స్వామిదేనన్నది ఆచారం. అందుకే తిరుపతిలో మూరలకు మూరలు మల్లెలు తురుముకునేవాళ్లు కూడా తిరుమలలో పూలు పెట్టుకోరు. రామానుజుల ఆజ్ఞతో ఆయన శిష్యుడు అనంతాళ్వారు అక్కడ తోట వేసి, చెరువు తవ్వి, పుష్పకైంకర్యం (స్వామికి పూల సేవ) చేశారని సంప్రదాయం. ఆయనదని చెప్పే గడ్డపార మహాద్వారం దగ్గర వేలాడుతుంటుంది. క్యూ తొందరలో చాలామంది తలెత్తి చూడరు. స్వామికి అలంకరించి తీసిన పూలను ఎవరి కాలికిందా పడకుండా గుడిలోని పూలబావిలో వేసేవారు.

ఇక ఇంటి మొక్క. నవంబరు చివర్లో కత్తిరించాలి. కొన్నాళ్ల ముందే నీళ్లు ఆపి, నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున కోసి, ఆకులు దూసేసి, పశువుల ఎరువు వేసి తడి పెట్టండి. పువ్వు కొత్త చిగురుకే వస్తుంది. జాలిపడి పాత కొమ్మలు వదిలేస్తే ఆకులే మిగులుతాయి. నీడలో పెట్టినా అంతే.

మొగ్గ ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు తొలుస్తున్నట్టు, గిల్లి కాల్చేయండి. లేతాకు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.