ఎక్స్‌టెన్షన్ మెయిల్ కోసం ఎన్నాళ్లని చూడను?

ప్రశ్న: నాకు 31. లా చేసి రంగారెడ్డి కోర్టులో రెండేళ్లు జూనియర్‌గా ఉన్నా. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక వెండర్ (బయటి కంపెనీల పని చేసిపెట్టే సంస్థ) తరఫున నైట్ షిఫ్ట్‌లో డాక్యుమెంట్ రివ్యూ చేస్తున్నా, మూడు నెలలకోసారి కాంట్రాక్ట్ ఎక్స్‌టెన్షన్ మెయిల్ వస్తేనే పని. మావారేమో అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్స్ చేయమంటారు, బెంచ్ క్లర్క్‌గా రిటైరైన నాన్నేమో జడ్జి పరీక్ష రాయమంటారు. ఏం చేయను?

జవాబు: తల్లీ, నీ ఉత్తరం కుదించి వేశాం గానీ నేను మొత్తం చదివా. మెయిల్ వచ్చేదాకా చిట్టీ డబ్బులు కట్టకుండా పక్కన పెట్టుకుంటానని రాశావు చూడు, అసలు బాధ అదే అనిపించింది. కోర్టులో మొదటిసారి వాయిదా అడగడానికి లేస్తే కాళ్లు వణికాయని అర పేజీ రాశావు, టెస్టింగ్ గురించి ఒక్క ముక్క లేదు, అది మీవారి మాటే. వెండర్ మీద కోపంతో లా మొత్తాన్ని వదిలేస్తే ఎలా?

అలాగని ఈ రివ్యూ పని పట్టుకుని కూర్చోమని చెప్పను. రాత్రంతా ఎవరో అమెరికా కంపెనీ వాళ్ల ఈమెయిల్స్ చదివి కేసుకి సంబంధం ఉందా లేదా, ప్రివిలేజ్ (లాయర్‌కీ క్లయింట్‌కీ మధ్య గోప్యత) వస్తుందా అని బటన్ నొక్కడమే కదా, 2012లోనే అక్కడి ఫెడరల్ కోర్టు ఒకటి ఈ పనికి కంప్యూటర్ సాయం తీసుకోవచ్చని ఒప్పుకుంది, ఇప్పుడు ఏఐ కూడా వచ్చిపడింది, మొదటి వడపోత పని తగ్గుతుందనే నా అనుమానం. ప్రివిలేజ్ లాగ్ (అలా గోప్యమని పక్కన పెట్టినవాటి జాబితా), క్వాలిటీ చెక్ లాంటివి అడిగి మరీ చేయి, రెజ్యూమెలో అవే పనికొస్తాయి. హైదరాబాద్‌లో ఫారిన్ కంపెనీల సెంటర్లు బోలెడు, వాటిలో కాంట్రాక్ట్ మేనేజ్‌మెంట్, కంప్లయన్స్ (కంపెనీ చట్టాల ప్రకారం నడుస్తోందా అని చూసే) ఉద్యోగాలకి అప్లై చేయి, అవీ లా పనులే, పర్మనెంట్ అయితే పీఎఫ్ కూడా ఉంటుంది. ఇప్పుడు నిన్ను కన్సల్టెంట్ అని చూపించి 10 శాతం టీడీఎస్ కోస్తుంటే రిటర్న్ వేయడం మర్చిపోకు, రిఫండ్ రావచ్చు.

ఇక నాన్నగారి మాట. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని మళ్లీ పెట్టింది, నీకు రెండే ఉన్నాయి. కంపెనీలో ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటూ ప్రాక్టీస్ చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ రూల్, అలా చేరితే సనద్ (లాయర్‌గా ప్రాక్టీస్ చేసే లైసెన్స్) సస్పెండ్ చేయించుకోవాలి. నీది జీతమా, కన్సల్టెన్సీనా? ఈ ఏడాదిన్నర ప్రాక్టీస్ కింద లెక్కకొస్తుందని మాత్రం ఆశపడకు, సనద్ సంగతి బార్ కౌన్సిల్‌ని రాతపూర్వకంగా అడుగు, వయసు లిమిట్ నోటిఫికేషన్‌లో చూసుకో. జడ్జి కావాలని నిజంగా ఉంటే ఇంకో ఏడాది నల్లకోటు వేయక తప్పదు, ఆ ఏడాది ఇల్లు మీవారి జీతం మీద గడుస్తుందా అని ఇద్దరూ కాగితం మీద లెక్కేసుకోండి, ఆయన టెస్టింగ్ అంటున్నది కూడా ఈఎంఐ భయంతోనే అయ్యుండొచ్చు.

నాన్నగారిని జడ్జి పరీక్ష గురించి కాకుండా వేరేది అడుగు. అన్నేళ్లు బెంచ్ దగ్గర కూర్చున్న మనిషి, జూనియర్లకి నెలనెలా ఎంతో కొంత చేతిలో పెట్టే సీనియర్ ఎవరో, ఫైళ్లు మోయించి పంపేసేదెవరో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?