అమెరికా యూనివర్సిటీలో మొదటి రోజు క్లాసులో పరిచయం చేసుకునేటప్పుడు ఏ పేరు చెప్పాలి?

మిమ్మల్ని అందరూ ఏ పేరుతో పిలవాలనుకుంటున్నారో ఆ ఒక్క పేరు చెప్తే చాలు, పాస్‌పోర్టులో ఉన్నదంతా చెప్పక్కర్లేదు.

ప్రొఫెసర్ దగ్గరుండే జాబితాలో పేర్లు మామూలుగా పాస్‌పోర్టు ప్రకారమే ఉంటాయి. అక్కడ మొదటి ముక్కతో పిలవడం అలవాటు. మనకేమో ఇంట్లో పిలిచే పేరు చాలాసార్లు చివర్లో ఉంటుంది. జాబితాలో "వెంకట నాగ సాయి కిరణ్" అని ఉంటే ఆయన "వెంకట" అనే పిలుస్తారు. అదే క్లాసులో ఇంకో ఇద్దరు వెంకటలు ఉన్నా ఆశ్చర్యం లేదు. "నన్ను కిరణ్ అనండి, గుంటూరు నుంచి వచ్చాను, కంప్యూటర్ సైన్స్ ఎంఎస్" అంటే సరిపోతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయినవాళ్లకి ఇది మరీ అవసరం. వాళ్ల అమెరికా వీసా మీద సొంత పేరు చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని వస్తుంది, అంటే పేరు తెలియదని అర్థం. పాపం, కొందరు అదే పేరనుకుంటారు.

ఇలా చెప్తే రికార్డుల్లో పేరు మారి వీసాకి ఇబ్బంది అవుతుందని చాలామంది టెన్షన్ పడతారు. మారదు. క్లాసులో చెప్పింది పిలుపు కోసమే, విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో పాస్‌పోర్టు పేరే ఉంటుంది.

ప్రొఫెసర్ కూడా తనని ఎలా పిలవాలో ఆ రోజే చెప్తారు. చెప్పకపోతే "ప్రొఫెసర్" అని, పక్కన ఆయన ఇంటిపేరు కలపండి.