ఎంఎం 540 వెనక కుంగితే చెక్క దిమ్మ పెట్టకండి

అన్నా, మీ పాత మహీంద్రా ఎంఎం 540 జీపు వెనక కుంగిందని, ఇరుసుకీ కమాన్ కట్టకీ (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగు) మధ్య చెక్క దిమ్మ పెడదామనుకుంటున్నానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. బరువుకి చెక్క నలుగుతుంది, ఇరుసుని కట్టకి బిగించే యూ బోల్టులు వదులవుతాయి, ఇరుసు పక్కకి జరిగితే ప్రాణం మీదకొస్తుంది.

ముందు బండిని చదునైన నేల మీద పెట్టి, రెండు వైపులా ఇరుసు నుంచి ఛాసిస్ దాకా కొలవండి. ఒకవైపే తక్కువుంటే పట్టీ విరిగిందేమో, షాకిల్ (కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) బుష్ అరిగిందేమో చూడండి. రెండు వైపులా సమానంగా దిగితే పట్టీల వంపు పోయినట్టే.

నేనైతే ఒక పట్టీ అదనంగా వేస్తాను. పాత ఇనుము దుకాణంలో అదే వెడల్పుది వెతికి, చివర కన్నులుంటే (బోల్టు దూరే చుట్టలు) కోయించి, రెండో పట్టీ కింద పెట్టించండి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్ట్ పొడుగుది కావాలి, యూ బోల్టులు కొత్తవే వేయాలి. గ్యాస్‌తో వేడిచేసి మాత్రం వంచొద్దు, ఉక్కు పదును (స్ప్రింగు గుణం) పోతుంది. చల్లగానే కొట్టి వంపు తెచ్చే కమాన్ మేస్త్రీ దొరికితే ఇంకా మేలు. పొడుగు షాకిల్‌తో పెద్దగా లాభం లేదు, 2 అంగుళాలు పెంచితే బండి లేచేది దాదాపు 1 అంగుళమే.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టుల నట్లు మళ్లీ బిగించండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే లోపలికి దూరండి, ఒక్క జాకీని నమ్మొద్దు.